వాదీ ఒడ్డున పెద్దమ్మ ప్రార్థన

నా చిన్నప్పుడు మాకు ఆరాధన శుక్రవారం నాడు ఉండేది. అమ్మ ఒమాన్‌లో నర్సు. సముద్రం ఒడ్డునున్న అల్ సువైక్ పట్నం నుంచి కొండల్లోకి చాలా దూరం పోతే వచ్చే చిన్న ఊళ్ళో ఆమె డ్యూటీ. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, అల్ సువైక్‌లో ఒక విశ్వాసి ఇంట్లో మా కూడిక ఆ రోజే జరిగేది. పొద్దున్నే గుమ్మం దగ్గర ప్రయాణ ప్రార్థన చేసుకుని, నాన్న బండిలో కొండ దిగేవాళ్ళం.

దారికి అడ్డంగా ఒక వాదీ ఉండేది. అంటే ఏడాదిలో చాలాభాగం ఎండిపోయి ఉండే రాళ్ళ ఏరు. వంతెన లేదు. రోడ్డే ఏట్లోకి దిగి అవతల ఎక్కేది.

పక్క క్వార్టర్స్‌లో ఉండే పెద్దమ్మ కూడా మాతో వచ్చేది. మాకు చుట్టం కాదు, అమ్మతో పనిచేసే పెద్ద నర్సు. ఆమె ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడిపోతుందని అమ్మ నవ్వేది.

ఆ శుక్రవారం వాక్యం చెప్పే వంతు నాన్నది. విశ్వాసం గురించి వారమంతా సిద్ధపడ్డాడు. మా నెత్తిన ఎండ కాస్తోంది గానీ, వెనక శిఖరాల మీద నల్లగా మబ్బు పట్టింది. వాదీ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద పల్చగా మట్టినీళ్ళు పారుతున్నాయి. ఊరివాళ్ళు బండ్లు ఆపేసి, ఒడ్డున చాప పరుచుకుని కహ్వా, అంటే అక్కడి కాఫీ, తాగుతున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన ఆగమని మాకు చెయ్యి చూపించాడు.

"వాళ్ళకేం, ఎంతసేపైనా కూర్చుంటారు. అక్కడ సంఘమంతా మనకోసం చూస్తుంటుంది," అన్నాడు నాన్న.

"కాసేపు చూద్దామండీ," అంది అమ్మ.

"ప్రార్థన చేసుకునే కదా బయలుదేరాం! ఇంత నీళ్ళకే భయపడితే ఇంక విశ్వాసులం ఎందుకు?"

 నేను పక్కనున్న మా చిన్న తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. వెనక సీట్లోంచి పెద్దమ్మ నాన్నతో మెల్లగా అంది: "వెళ్దువుగానిలే తమ్ముడూ. ఇంకోసారి ప్రార్థన చేసుకుని దిగుదాం. ఇంజను ఆపు."

ప్రార్థనకు కాదని ఎలా అంటాడు? అందరం దిగి ఒడ్డున తలలు వంచాం. ఆమేన్ అనేదాకా మాలో ఎవరూ కదలరు, పసిపిల్ల ఏడ్చినా సరే. పెద్దమ్మ మొదలుపెట్టింది. రోగులందరినీ పేరుపేరునా తలుచుకుంది. బాలింతల కోసం, వాళ్ళ అత్తల కోసం, ఊళ్ళో మేకల కోసం కూడా వేడుకుంది. నాన్న గట్టిగా దగ్గాడు. "దగ్గుతున్న మా తమ్ముడికి స్వస్థత దయచెయ్యి తండ్రీ," అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో, లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడు. చాప మీది వాళ్ళు కేకలు వేశారు. నేను కళ్ళు తెరిచాను. కొండ మలుపులోంచి ఎర్రటి నీళ్ళు ఖర్జూరపు మొద్దులను దొర్లించుకుంటూ వస్తున్నాయి. చూస్తుండగానే రోడ్డు కనపడకుండా పోయింది. పెద్దమ్మ గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. స్తోత్రం చెప్పి, అప్పుడు ఆమేన్ అంది.

నాన్న ఒక రాయి మీద కూలబడ్డాడు. ముసలాయన ఖర్జూరాలు, కహ్వా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుంది.

"ఇలా దాటబోయిన వాళ్ళను మా ఆసుపత్రికే కదా తమ్ముడూ తీసుకొస్తారు. వాళ్ళూ దేవుణ్ణి తలుచుకునే దిగి ఉంటారు. నీళ్ళు తగ్గుతాయో పెరుగుతాయో తేలేదాకా ఆమేన్ అనకూడదనే మొదలుపెట్టాను," అని, నాన్న భుజం మీద చెయ్యి వేసి, "దేవుణ్ణి పరీక్షకు పెట్టకు. పిల్లలున్నారు," అంది.

ఆ రోజు కూడికకు వెళ్ళలేకపోయాం. మరుసటి శుక్రవారం నాన్న తను రాసుకున్నది పక్కన పెట్టి, ఈ సంగతే సంఘం ముందు చెప్పాడు. "నేను మొండితనానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను," అన్నాడు. అప్పటినుంచి కొండ మీద మబ్బుంటే ఎవరూ బయలుదేరకూడదని, ఎక్కడివాళ్ళు అక్కడే ఆరాధన చేసుకోవాలని సంఘంలో అందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు నాకు మనవలు ఉన్నారు. వాళ్ళు బండి ఎక్కుతుంటే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాను. క్షేమంగా చేర్చమని మాత్రమే అడిగి ఊరుకోను. ఆగవలసిన చోట ఆగే బుద్ధిని ఇమ్మని కూడా అడుగుతాను.