పెద్దాయన పాత్రకు లేని ఆప్షన్

2005 ప్రాంతం. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు మీది అద్దె గదిలో కూర్చుని, ఉన్న నాలుగు కంప్యూటర్లతోనే మేము వీడియో గేములు తయారుచేసేవాళ్లం. మా నాన్న జమ్మలమడుగులో టీచరు. "ఆటలు చేసేదీ ఒక ఉద్యోగమేనా?" అని కనిపించినప్పుడల్లా అడిగేవాడు. కథ రాయడం నా పని. నాకు కుదురు తక్కువ. ఇవాళ రాసిన సీను రేపటికి నచ్చదు.

అప్పుడు చేస్తున్నది రోల్-ప్లేయింగ్ గేమ్. ఆడేవాడు ఒక పాత్రలో దూరి, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటాడన్నమాట. కథ మా చుట్టుపక్కలదే. ఒక ఊరు, రెండు వర్గాలు, జీపులు, ఎన్నికలు. కొన్నిచోట్ల రాండమ్ నంబర్ వాడతాం. అంటే కంప్యూటరే పాచికలు వేసి, తర్వాత ఏం జరగాలో తేలుస్తుంది.

శివ మా ప్లేటెస్టర్. తయారవుతున్న ఆటను ఆడి తప్పులు పట్టేవాడు. వాళ్లది తొండూరు దగ్గర పల్లె. వాళ్ల నాన్నను అవతలి వర్గం వాళ్లు చంపేశారు. పెదనాన్న శివవాళ్ల వర్గానికి నాయకుడు. ఎన్నికలు దగ్గరపడేకొద్దీ, జీపులో తండ్రి సీట్లో వచ్చి కూర్చోమని కబురు మీద కబురు పంపుతున్నాడు. శివకు వెళ్లడం ఇష్టం లేదు, కాదనే ధైర్యమూ లేదు. ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడేవాడు.

ఒకరోజు, నాయకుడి జీపు ఏ దారిన పోవాలో ఆడేవాడు ఎంచుకునే నా సీను మీద శివ విరుచుకుపడ్డాడు.

"మూడు దావలు పెట్టినావక్కా. యా దావన పోయినా వాళ్లు వంక కాడనే కాచుకోనుంటారు. ఇంగ మనం ఎంచుకునేది ఏముండాది?"

నిజమే. కథ రక్తి కట్టాలని, ఏ దారైనా వాగు దగ్గర దాడిని తప్పనిసరి చేసి పెట్టాను. "మరి మీవాళ్లు ఎట్ల పోతారు?" అన్నాను ఉడుక్కుంటూ.

"మా పెదనాయన బయల్దేరే ముందర చీటీలు ఏస్తాడు. ఏ దావ వస్తే ఆ దావ. డ్రైవర్‌కు గూడా ముందు తెలీదు. తెలిస్తే ఎవడో ఒకడు చెప్పేస్తాడు."

ఆ చీటీలు ఆటలోకి తెచ్చాను. శత్రువులు ఎక్కడ కాపు కాస్తారో కూడా పాచికలకే వదిలేశాను. జీపులో ఉండే కుర్రాడి పాత్రకు ప్రతి మలుపులో 'దిగిపో' అనే ఆప్షన్ పెట్టాను. శివ ఆ పాత్రనే పదేపదే ఆడేవాడు.

ఒక మధ్యాహ్నం పెదనాన్నే వచ్చాడు. వెంట వచ్చిన మనుషులు మెట్ల మీద ఆగిపోయారు.

"మావోడు ఈడ ఏం జేస్తాండాడో సూద్దామని వస్తిమ్మా. ఆడరా సివా, సూస్తా."

శివ కూర్చున్నాడు. మొదటి మలుపులోనే 'దిగిపో' నొక్కాడు. నోటితో చెప్పలేనిది అలా చెప్పాడు. పెద్దాయన వాణ్ణి లేపి, తనే కుర్చీలో కూర్చుని వర్గం నడిపే పెద్దాయన పాత్ర ఎంచుకున్నాడు. చీటీ తీశాడు. జీపు క్షేమంగా చేరింది. మళ్లీ తీశాడు. ఈసారి తగలబడింది. ఇంకోసారి ఆడాడు, ఇంకోసారి తగలబడింది. మౌస్ వదిలి నావైపు తిరిగాడు.

"నేను దిగేది యాడుండాదమ్మా?"

"పెద్దాయన పాత్రకు పెట్టలేదయ్యా."

"ఏం?"

అబద్ధం నోటికి రాలేదు. "ఆయన దిగుతాడని నాకు తోచలేదు."

"నిజమేలే. దిగుతావా అని నన్నూ ఎవురూ అడగల్యా," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ భయమేసింది.

లేచాడు. శివ తలొంచుకుని వెంట బయల్దేరాడు. పెద్దాయన వాడి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వు యాడికి? నీ పని సూసుకో."

ఆ ఎన్నికలు అయ్యేదాకా ఆయన అదే జీపులో తిరిగాడు. తమ్ముడి సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదని తర్వాత విన్నాను.

ఆడేవాడికి స్వేచ్ఛ ఇచ్చామని మేం గొప్పలు పోతాం. నిజానికి మాకు జాలి కలిగిన పాత్రకే ఇస్తాం. ఇప్పుడు నాకు బొత్తిగా గిట్టని మనిషిని రాయాల్సి వస్తే, ముందు వాడు దిగిపోయే ఆప్షన్ పెట్టి, తర్వాతే మిగతా కథ మొదలుపెడతాను. దిగుతాడా లేదా అన్నది వాడిష్టం.