చైన్ కవరు

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కదిలాక, నా పక్కన నిలబడ్డ ఒకావిడ కొత్త సైకిలుకి పాత చైన్ కవరును ఇనపతీగతో కట్టడం మొదలుపెట్టింది.

"కొత్తదానికి రాలేదాండి?" అని అడిగాను.

"లేదండి, ఇప్పుడిదే స్టైలంట. పోయినేడు ఎవరిదో కవరు లేని సైకిలు తొక్కితే చైన్లో చున్నీ పడి మా పాప గెడ్డం పగిలిందండి. అందుకే పాత సైకిలుది ఊడదీసి కూడా తెచ్చుకున్నాను. ఇవి చేసేవాళ్ల ఇళ్లల్లో ఆడపిల్లలుండరాండి?"

ఆ సైకిలు మా కంపెనీదే. కవరు తీసేస్తే బండి సన్నగా, నాజూగ్గా కనబడుతుందని మీటింగులో చెప్పింది నేనే. నాకూ కూతురుంది. కారులో కాలేజీకి వెళ్తుంది.

"ఈ తీగ కాస్త పట్టుకోండి బాబుగారూ" అందావిడ. అవతలి ఒడ్డు వచ్చేదాకా పట్టుకున్నాను. దిగేటప్పుడు "వందనాలండి" అని చెప్పి మరీ వెళ్లింది.

తర్వాతి మీటింగులో చైన్ కవరు మళ్లీ పెడదామన్నాను. ముసలి సైకిల్లా ఉంటుందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఏడు మా కొత్త మోడలంటే కొత్త రంగు, దాని మీద నేను గీసిన మెరుపు స్టిక్కరు.