వచ్చిన కెరటమే

నాటకాలకు సెట్లు వేయడం, వెనక తెర మీద ప్రొజెక్టర్‌తో సముద్రాలూ ఆకాశాలూ చూపించడం, అదే పని కాలేజీలో పిల్లలకు నేర్పడం. ఇరవై ఏళ్లుగా నా బతుకు ఇదే. ఆ రోజు పలాసలో వజ్రపుకొత్తూరు బస్సెక్కేసరికే ఒళ్లు హూనమైపోయి ఉంది. అయినా లాప్‌టాప్ తెరిచి, మర్నాటి నాటకానికి సముద్రం సరిచూసుకుంటున్నాను.

పక్క సీటాయన డయాలసిస్ చేయించుకుని ఊరికి పోతున్నాడు. మోచేతి దగ్గర దూది, దాని మీద ప్లాస్టరు. కాసేపు నా సముద్రాన్ని చూసి అన్నాడు.

"వచ్చిన కెరటమే మల్లీ వత్తంది బాబూ."

నిజమే. పది సెకన్ల వీడియోనే గంటసేపు తిప్పుతాను. ఇన్నేళ్లలో ఏ ప్రేక్షకుడూ పట్టుకోలేదు. దొంగతనం బయటపడ్డట్టయి లాప్‌టాప్ మూయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ బాబూ. నాను సంద్రం మీద ఏటకెల్లి ఏడాదయిపోనాది."

తన ఊరొచ్చేదాకా ఆ ఒక్క కెరటాన్నే చూస్తూ కూర్చున్నాడు.

వీడియో పొడుగ్గా తీయండర్రా అని పిల్లల్ని ఇప్పటికీ తిడుతూనే ఉంటాను. ఆ కెరటాన్ని మాత్రం నేనింకా మార్చలేదు.