వేపరెమ్మతో ఆటోలో

2006 వేసవి. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఉండేవాళ్ళం. క్యాన్సర్‌కు కీమో ఎక్కించుకొని ఇంటికి వచ్చిన సాయంత్రమే నా భార్యకు ఒంటినిండా దద్దుర్లు లేచాయి. కూర్చోలేక, గోడకు వీపు రుద్దుకుంటూ తిరిగింది. మా అవ్వ అది ఆటలమ్మ అనుకొని గుమ్మానికి వేపరెమ్మ కట్టింది.

అంతలో నా భార్య పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందలేదు. ఆటో పిలిచాను. అవ్వ అడ్డం నిలబడింది.

"అమ్మ వచ్చిండాదిరా. ఆస్పత్రికి పోగూడదు."

"అమ్మే అయితే నాతో ఆటోలో వస్తాది లే అవ్వా," అంది నా భార్య, ఆయాసపడుతూనే.

అవ్వ రెమ్మ విప్పుకొని తనే ముందు ఎక్కింది.

మందు పడలేదన్నారు డాక్టరు. ఇంజెక్షన్‌తో ఊపిరి కుదుటపడింది. మరుసటి ఏడు ఆ క్యాన్సర్‌తోనే ఆమె పోయింది. కీమో తర్వాత దురద మొదలైతే ఆలస్యం చేయకండి. నేను ఇప్పటికీ ఆటోలో కుదురుగా కూర్చోలేను.