వంకరతోక చేప

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొసగలేదు. ఆయన బళ్లో ఉండిపోయారు, నేను వచ్చేశాను. తెనాలిలో బోర్డులు రాసే పనిలో చేరాను. రేపల్లె దాకా కొట్ల మీద నా అక్షరాలే. అవి ఎవరివో మాత్రం ఎవరికీ తెలియదు.

మా బాబాయి కొడుక్కి గీత గియ్యడం నేర్పింది నేనే. ఎనభైల చివర వాడు బాపట్ల కాలేజీలో చదివేవాడు. ఇష్టమైన సంగతి ఒకటి వెతికి తెలుసుకుని, దాన్నే కళగా చేసి ప్రదర్శనకి పెట్టమన్నారట వాళ్ల సారు. వీడు సూర్యలంక జాలర్ల వలలు పట్టుకున్నాడు. వల తేలడానికి కట్టే చెక్క బెండ్ల మీద ఒక్కో ఇంటికి ఒక్కో రకం చేప గుర్తు ఉంటుంది. ఏ గుర్తు ఎవరి తాత గీశాడో నోటుపుస్తకం నిండా రాసుకొచ్చాడు.

"పరిశోధన అన్నయ్యా!"

"కాస్త దూరంగా పెట్టు, చేపల కంపు కొడుతోంది."

వాడు నవ్వాడు. నాకు కడుపు మండింది. నేర్పిన నేను బోర్డులవాణ్ణి, వాడు కళాకారుడు!

పాత వల కాలేజీ గోడకి వేలాడదీసి, దాని బెండ్ల మీద అన్ని ఇళ్ల గుర్తులూ వెయ్యడానికి నన్ను సాయం పిలిచాడు. "పుస్తకంలో ఉన్నట్టే వెయ్యన్నయ్యా." ఆ వంకర గీతలు చూస్తే నా చెయ్యి ఊరుకుంటేనా? బోర్డు మీద కొట్టినట్టే సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, చేపలన్నిటినీ తిన్నగా ఈదించాను. ఇది ఎవరి చెయ్యని నలుగురూ అడగాలని నా ఆశ.

ప్రదర్శన రోజు పొద్దున్నే సూర్యలంక నుంచి వచ్చిన ముసలమ్మ అడగనే అడిగింది.

"ఎవరేశారయ్యా ఇయ్యి? మా బెండేదీ?"

తమ్ముడు చూపించాడు.

"ఇదా? మా చేపకి తోక వంకర బాబూ. మా మావ గీసిందే అట్టా. ఇదేదో బడాయి చేప!"

అందరూ నవ్వారు. రోజూ నవ్వించే నేను తప్ప.

తమ్ముడు వేసినవి గీకెయ్యమని గరుకు కాగితం నా చేతిలో పెట్టాడు. "సార్లు మధ్యాహ్నం చూస్తారన్నయ్యా." పక్కన కూర్చుని, పుస్తకం తెరవకుండానే చెప్పుకుపోయాడు. "దీనికి తోక కిందకి. ఇది గీసిన తాతకి చెయ్యి వణికేదంట. గీత వణకాలి."

వణికించక్కర్లేకపోయింది. దానంతటదే వణికింది.

ముసలమ్మ మళ్లీ వచ్చి తన బెండు తడిమి చూసుకుంది. తమ్ముడి బుగ్గలు నిమిరి, మెటికలు విరిచింది. "ఎవరి కళ్లూ పడకూడదయ్యా!"

నేను తల వంచుకుని కుంచె కడుక్కుంటూ కూర్చున్నాను.