అన్నయ్య పగలగొట్టని తాళం

ఏలూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా ఉండే నాకు, కొల్లేరు అంచున చేపల చెరువులు చేసే అన్నయ్య తప్ప నా అన్నవాళ్ళు లేరు. మా ఇంటి వైర్లు మోయలేనన్ని మిషన్లు కొన్నప్పుడు, వాటిని అన్నయ్య చెరువుగట్టు మీదున్న మోటారు గదిలో పెట్టుకున్నాను. మీటరు వేరే వేయించుకున్నాను గానీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే.

అవి బ్లాక్‌చైన్ మిషన్లు. యజమాని లేని ఒక పద్దుల పుస్తకం లోకమంతా వేలమంది దగ్గర ఒకేలా ఉంటుంది. అందులో కొత్త పేజీ రాసే వంతు కోసం అన్ని మిషన్లూ ఒకే చిక్కులెక్కతో కుస్తీ పడతాయి. ముందు విప్పినవాడికే డిజిటల్ నాణేలు. ఓడిపోయినవాళ్ళు కాల్చిన కరెంటు ఏమవుతుందని అన్నయ్య అడిగాడు. వేడైపోతుందన్నాను.

"అంత ఖర్చెందుకే? నమ్మకమైనవాడికి అప్పజెప్పుకోవచ్చుగా."

ముఖాలు ఎరగనివాళ్ళ మధ్య నమ్మకం ఉండదని చెప్పాను. ధరావతు కట్టినవాళ్ళలోంచి చీటీ తీసినట్టు ఒకరిని ఎంచుకునే పద్ధతి ఒకటి వస్తోందనీ, తప్పు రాస్తే ధరావతు పోతుంది కాబట్టి అంత కరెంటు అక్కర్లేదనీ కూడా చెప్పాను. అది వచ్చాకే చేసుకోమన్నాడు. నేను ఆగలేదు. నిజం చెప్పాలంటే, ఆదివారాలు ఆ గట్టు మీదికి వెళ్ళడానికి నాకొక సాకు దొరికింది.

వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేక నీళ్ళలో గాలి తగ్గితే చేపలకు ఊపిరాడదు, నీళ్ళు చిలికే మిషన్లు ఆగకుండా తిరగాలి. మూడో రోజు ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వచ్చి వేశాడు, మళ్ళీ పోయింది. నా మిషన్లు లాగుతున్న కరెంటుకి అది నిలవడం లేదు. వాటి స్విచ్చులున్న మోటారు గదికి నా తాళం ఉంది. ఉన్న ఒక్క తాళంచెవి ఏలూరులో నా బ్యాగులో ఉంది.

క్లాసు అయ్యాక చూస్తే ఫోన్‌లో అన్నయ్యవి పదకొండు కాల్స్. ఆటోలో వెళ్ళేసరికి శీలావతులు, బొచ్చెలు తెల్లగా తేలి ఉన్నాయి. వదిన గట్టు మీద కూర్చుని ఉంది. నేను చీర ఎగదోపి, కూలీలతో పాటు నీళ్ళలోకి దిగి చచ్చిన చేపల్ని బుట్టల్లోకి ఎత్తాను. ఎవరూ వద్దనలేదు.

"తాళం పగలగొట్టాల్సింది అన్నయ్యా," అన్నాను చివరికి.

"నీ సామాను కదమ్మా. నిన్నడక్కుండా ఎలా పగలగొడతాను?"

తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడే మిషన్లు విప్పేశాను. నెల తిరక్కుండా నా నాణెం తాలూకు పద్దుల పుస్తకం ధరావతు పద్ధతికి మారింది. లోకంలో ఆ నాణెం కోసం తిరిగే మిషన్లన్నీ ఒక్కసారిగా పని లేనివైపోయాయి. నావి తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన పట్టుకెళ్ళాడు.

ఇప్పుడు ఆ కొత్త పద్ధతిని పిల్లలకు నేనే పాఠంగా చెబుతున్నాను. కరెంటు ఎంత మిగిలిందో చెబితే వాళ్ళు ఆశ్చర్యపోతారు. అన్నయ్య ఫోన్ ఎత్తుతాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు. ముందుగా ఫోన్ పెట్టేసేది నేనే.