మొదటి రైలు దాటిన రోజున అప్పన్నకు పెట్టిన ముద్ద

గోదావరి వంతెన మీద మొదటి రైలు దాటే రోజు పెద్ద పండగని జిల్లా అంతా చెప్పుకుంది. మా ఇంట్లో అదే రోజు మా చెల్లెలు సూరమ్మ మొగుడు అప్పన్న సంవత్సరీకం. నిరుడు వరదల్లో ఆ వంతెన స్తంభం దగ్గర పనిచేస్తూనే నీళ్లలో పడిపోయాడు. శవం కూడా దక్కలేదు. పోయిన చోటే ముద్ద పెట్టాలని మా చెల్లెలి పట్టు. అందుకే బయలుదేరాం.

చేపల బేరానికి ఏళ్లుగా తిరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను, పెనుగొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు కాలువ పడవే సుఖం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విజ్జేశ్వరం లాకులు, అక్కడి నుంచి ఎద్దుబండి మీద కొవ్వూరు రేవు. బండివాడు అర్ధరూపాయి అడుగుతాడు, గీచి బేరమాడితే తగ్గుతాడు. దారంతా సూరమ్మ ఒళ్లో పులస పులుసు కుండ ఉంది. పడవలో వంటవాడు వాసన పట్టి, "పుస్తెలమ్మైనా పులస తినాలని ఊరికే అన్నారాండీ!" అని నవ్వాడు. మా చెల్లెలు బోసి మెడ మీదికి పైట లాక్కుంది. వాడికి తెలియదు పాపం.

రేవు జనంతో కిటకిటలాడుతోంది. కాపలా జవాను వంతెన వైపు పోయే పడవలన్నీ ఆపేశాడు.

"రైలు దాటేదాకా వంతెన కిందికి ఎవరూ పోకూడదండి."

"ఎప్పుడు దాటుద్దండి?"

"దొరలు ఎప్పుడొస్తే అప్పుడే."

పొద్దు వాలాక పెట్టిన ముద్ద పోయినవాళ్లకు అందదని మా వాళ్ల నమ్మకం. అప్పటికే ఎండ నడినెత్తికొచ్చింది. సూరమ్మ కుండతోనే బురదలో కూలబడింది. అది చూసి ఒక ముసలి పడవవాడు దగ్గరికొచ్చాడు.

"కిందికి పోకూడదన్నారు గానీ, ఎగువకి పోకూడదన్లేదు కదమ్మా. అక్కడ వదులు. గోదారే అట్టుకెళ్తాది."

ఎగువకు తీసుకెళ్లాడు. సూరమ్మ అన్నంలో పులుసు కలిపి, అరటి డొప్పలో పెట్టి ఎర్రనీళ్లలో వదిలింది. డొప్ప వంతెన వైపు సాగుతుండగా రైలు కూత వినిపించింది. గట్టంతా కేకలు, చప్పట్లు. అంత దూరం వెళ్లి కూడా మేం రైలును చూడలేదు, డొప్పనే చూశాం. అది స్తంభం దగ్గర సుడిలో ఒకసారి తిరిగి మునిగింది.

"తిన్నాడన్నయ్యా," అంది సూరమ్మ. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది దానికి.

వంతెన గొప్పదే, కాదనను. ఇక వరదల్లో ప్రాణాలు అరచేత పట్టుకుని నది దాటక్కర్లేదు. ఆ రోజును రాజమండ్రి తరతరాలు చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. మేమూ చెప్పుకుంటాం, తలుపు దగ్గరికి వేసుకుని. రైల్లో దాటబోయేవాళ్లకు ఒక్క మాట. నది మీద అందరూ కాసులు విసురుతున్నారట. కాసులు గోదావరికి ఏం చేసుకోడానికి? కట్టుకెళ్లిన అన్నంలోంచి ఒక ముద్ద వేయండి. కింద మావాడున్నాడు.